చీటీ కట్టని నీలం బ్యాగు

ఉదయం 8:19. పద్నాలుగో వరస పైనున్న సామాను అరలో ఎవరో మర్చిపోయిన మెడ దిండు తప్ప ఇంకేమీ లేదు.

సుభద్రమ్మ ఆ అరలో చెయ్యి పెట్టి ఈ మూల నుంచి ఆ మూల దాకా తడిమింది. మునివేళ్ల మీద నిలబడి మళ్లీ తడిమింది. నీలం బ్యాగు లేదు.

హైదరాబాద్‌లో 6:50కి లేచిన విమానం 8:03కి విశాఖలో దిగింది. చక్రాలు ఇంకా దొర్లుతుండగానే జనం లేచి నిలబడ్డారు. తలుపు తియ్యరని తెలుసు. అయినా లేస్తారు. ఒకడి పెట్టె ఇంకొకడి నెత్తిన, ఒకడి మోచెయ్యి ఇంకొకడి చెవిలో. ఎందుకంత తొందరో భగవంతుడికే తెలియాలి. బయట బెల్టు దగ్గర అందరూ కలిసి అరగంట నిలబడాల్సినవాళ్లే.

సుభద్రమ్మ మాత్రం లేవలేదు. లేవొద్దని చెప్పిన పెద్దమనిషి నడవకు అవతల, ఒక వరస వెనకే కూర్చున్నాడు.

"కంగారు పడకండమ్మా. అందరూ దిగాక మన సామాను మనం తీసుకుందాం. పైన పెట్టిన బ్యాగు ఎక్కడికీ పోదు. నాది పూచీ" అన్నాడాయన.

పోయింది.

ఆ పెద్దమనిషి పేరు తిరుమలరావు. విజయనగరం మనిషి. రిటైర్డ్ సర్కిల్ ఇన్‌స్పెక్టర్. అరవై మూడేళ్లు. సర్వీసులో ఎన్ని కేసులు ఛేదించాడో ఎవరూ అడగరు గానీ, విమానంలో సామాను ఎలా సర్దాలో ఎవరడిగినా చెప్తాడు. అడక్కపోయినా చెప్తాడు. చక్రాల పెట్టె చక్రాలు లోపలికి ఉండాలి. చిన్న సంచులు కాళ్ల దగ్గర ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, మనిషి శాంతంగా ఉండాలి. ఈ పాఠం ఆయన భార్యకు కంఠతా వచ్చు. అందుకే ఆవిడ ఆయనతో విమానం ఎక్కడం మానేసింది.

"బ్యాగులో ఏమున్నాయమ్మా? నగలా? డబ్బా?" అడిగాడు తిరుమలరావు.

"మా ఇంటాయన ఉన్నాడు బాబూ" అంది సుభద్రమ్మ.

తిరుమలరావు ఆమె ముఖంలోకి చూశాడు. మతి చలించిన మనిషిలా లేదు. ఆమె చేతిసంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. హైదరాబాద్‌లో శ్మశానవాటిక వాళ్లిచ్చిన సర్టిఫికెట్. దహనం జరిగి వారం.

తిరుమలరావు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత ఖాళీ అర వైపు చూశాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన చాలా శవాలను చూశాడు. ఒక మనిషిని తన పూచీ మీద పోగొట్టడం మాత్రం ఇదే మొదలు.

*

గొడవ జరిగింది 6:28కి.

విమానం కిక్కిరిసి ఉంది. ఒక్క సీటు కూడా ఖాళీ లేదు. సుభద్రమ్మది 14బి. నీలం బ్యాగును ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"ఒళ్లో పెట్టుకోకూడదమ్మా. సీటు కింద పెట్టండి" అంది ఎయిర్ హోస్టెస్.

"కాళ్ల కాడ ఎట్టకూడదమ్మా."

"అయితే పైన పెట్టండి."

"నా ఒళ్లో ఉంటే నీకేటి నష్టం?"

పక్క సీటు, 14సి కుర్రాడు అప్పుడే చక్రాల పెట్టెతో వచ్చాడు. పేరు ఉదయభాస్కర్. విత్తనాల కంపెనీలో ఏరియా మేనేజరు. పైన చోటు లేదు. విసుక్కున్నాడు. "ఒక్కొక్కరూ నాలుగేసి బ్యాగులు తెస్తారు. మిగతావాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి?" అని గట్టిగానే అన్నాడు. వెనక నుంచి ఎవరో త్వరగా కానిమ్మని కేకేశారు. నడవ నిండిపోయింది.

అప్పుడు లేచాడు తిరుమలరావు. లేవకుండా ఉండలేడు.

ముందు సుభద్రమ్మను ఒప్పించాడు. బ్యాగు అందుకుని పద్నాలుగో వరస పై అరలో తన చేత్తో పెట్టాడు. తర్వాత ఉదయభాస్కర్ పెట్టెకి చోటు చేశాడు. సంచులు దింపాడు, తిప్పాడు, నిలబెట్టాడు. నాలుగు నిమిషాల్లో అంతా సర్దేశాడు. ఎయిర్ హోస్టెస్ థాంక్స్ చెప్పింది. ఆయన తన సీట్లో కూర్చుని, గంటన్నర పాటు చాలా తృప్తిగా ఉన్నాడు.

*

9:40. పోలీస్ స్టేషన్.

ఎస్సై నాగబాబు ఒకప్పుడు తిరుమలరావు కింద కానిస్టేబుల్. ఇప్పటికీ ఆయన్ని చూస్తే లేచి నిలబడతాడు. సుభద్రమ్మ పక్కన ఆమె మరిది దేవేంద్ర ఉన్నాడు. వదినను తీసుకెళ్లడానికి తెల్లవారకముందే ఊరి నుంచి కారు వేసుకుని వచ్చాడు.

"బ్యాగు మీద పేరుందా అమ్మా?" అడిగాడు నాగబాబు.

"నేదు బాబూ. కౌంటరు కాడ పిల్ల సీటీ ఇచ్చింది. పేరు రాసి కట్టమంది. నాను కట్టనేదు. మనిసికి సీటీ కడతారేటి?"

"పోయినాయన పేరు?"

సుభద్రమ్మ కాగితాన్ని బల్ల మీద ముందుకు జరిపింది. ఆమె అరవై ఏళ్ల బతుకులో, నలభై రెండేళ్ల కాపురంలో భర్త పేరు ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. రేషన్ ఆఫీసులో అడిగినా, హాస్పిటల్లో అడిగినా ఇంతే. పక్కవాళ్లు చెప్పాలి, లేదా కాగితం చూసుకోవాలి. నాగబాబు తల్లి కూడా అంతే. అతను మళ్లీ అడగకుండా కాగితంలోంచి ఎక్కించుకున్నాడు.

"సార్, దొంగతనం కింద కేసు కట్టమంటే కడతాను. కాని బూడిద ఎవడు దొంగతనం సేస్తాడు సార్? ఎవరిదో అనుకుని ఎవరో ఎత్తుకుపోనారు. సూసుకుని తెచ్చేస్తారు."

"ఎప్పటికి తెస్తారు?" అడిగాడు దేవేంద్ర. "ఇయాల ఎనిమిదోనాడు. గురువారం పదోనాడు. ఆ పొద్దుకి కలపాల. నాను కర్మ సెయ్యాల. అన్నయ్యకి పిల్లల్నేరు."

"ఎక్కడ కలుపుతారు?" అడిగాడు నాగబాబు.

"కళింగపట్నం కాడ" అంది సుభద్రమ్మ. "వంశధార సముద్రంలో కలిసే సోట. ఆయనే అడిగేడు. హాస్పిటల్లో గొట్టం తీసినాక, సివరాకర్న ఆ మాటే సెప్పేడు. ఆ నీల్లతోనే నలబై ఏళ్లు వరి పండించేడు బాబూ. నన్ను అందులోనే ఒగ్గేయండి అన్నాడు. ఇంకేటీ అడగనేదు."

తిరుమలరావు కుర్చీలోంచి లేచాడు.

"గురువారం పొద్దుటికి మీ చేతికిస్తానమ్మా" అన్నాడు.

మళ్లీ పూచీ. నోరు ఊరుకోదు కదా.

*

11:10. సీసీ టీవీ.

నీలం బ్యాగు కోసం చూస్తే తెర నిండా నీలం బ్యాగులే. శ్రీకాకుళంలో ఒక నగల కొట్టువాళ్లు కొన్న ప్రతివాళ్లకీ ఊరికే ఇచ్చే బ్యాగు అది. జిల్లాలో సగం ఇళ్లలో ఉంటుంది. పెళ్లికెళ్లినా అదే, హాస్పిటల్‌కెళ్లినా అదే.

హైదరాబాద్ గేటు దగ్గర ఆ విమానం ఎక్కిన నీలం బ్యాగులు ఏడు. విమానంలో ఒక్కటీ మిగల్లేదని క్లీనింగ్ వాళ్లు రాసిచ్చారు. అంటే ఏడూ దిగాయి. దిగేచోట జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఎవరి చేతిలో ఏముందో తెలియడం లేదు. బయట అన్నీ ట్రాలీల మీద గుట్టలుగా ఉన్నాయి.

"ఏడులో ఒకటి ఈ అమ్మది. మిగతా ఆరు?" అడిగాడు తిరుమలరావు.

"నాలుగు ఒక పెళ్లి బృందానివి సార్" అన్నాడు నాగబాబు. " ఫోన్ సేసేను. వీడియో కాల్‌లో తెరిచి సూపించేరు. సీరలు, స్వీట్లు. ఇంకో రెండు పదహారో వరసలో ఒక కుటుంబానివి. వేంకటాచలం గారని, శృంగవరపుకోటలో గుడి అర్చకులు. భార్య, కూతురు."

"14సి కుర్రాడు?"

"అతనికి నీలం బ్యాగు నేదు. నల్ల పెట్టె. ఆమదాలవలసలో ఉంటాడు. ఫోన్ ఎత్తడంలేదు."

తిరుమలరావు చూపు ఆ కుర్రాడి మీద పడింది. గొడవపడ్డాడు. ఆమె పక్కనే కూర్చున్నాడు. అందరికన్నా ముందు లేచాడు. ఫోన్ ఎత్తడం లేదు. కోపంతో బ్యాగును ఎక్కడో పడేసి ఉంటాడా?

అర్చకుడి సంగతి ముందు తేల్చేసి, తర్వాత ఈ కుర్రాడి పని చూద్దామనుకున్నాడు.

*

మంగళవారం సాయంత్రం 4:20. శృంగవరపుకోట.

గుడి వెనక వీధిలో పెంకుటిల్లు. గుమ్మం కడిగి ఉంది. అరుగు మీద ఇత్తడి బిందెలు వరసగా బోర్లించి ఉన్నాయి. దండెం మీద దుప్పట్లు, చీరలు, పరదాలు సైతం ఆరేసి ఉన్నాయి. వేంకటాచలం గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. యాభై అయిదేళ్లుంటాయి. మెత్తటి మనిషి. భుజం మీద పసుపు ఆరని కొత్త జంధ్యం.

"మా బ్యాగులు చూస్తారా? దానికేముందండీ. జగదీశ్వరీ, ఆ బ్యాగులు ఇలా పట్రా."

భార్య జగదీశ్వరి రెండు నీలం బ్యాగులూ ఒక చక్రాల పెట్టే తెచ్చి పెట్టింది. ఆమె జుట్టు ఇంకా తడిగా ఉంది. తిరుమలరావు తెరిచి చూశాడు. బట్టలు. కూతురు విశాలి సంగీత పరీక్షల పుస్తకాలు. ఒక పట్టు పంచె.

"మీ అరలో ఇంకేదైనా నీలం బ్యాగు కనబడిందా?"

"జనం తొక్కిడిలో ఏం చూస్తామండీ. మా మూడూ తీసుకుని బయటపడ్డాం."

"ఆ బ్యాగులో ఒక పెద్దాయన అస్థికలు ఉన్నాయి. గురువారం కలపాలి."

వేంకటాచలం గారు కళ్లు మూసుకుని "నారాయణ" అన్నారు. కాసేపటికి తెరిచారు.

"మీకు కాఫీ ఇద్దామన్నా ఇంట్లో పాలు లేవండీ. ఏమనుకోకండి. ఎల్లుండి స్వామివారి కల్యాణం, ఆ హడావుడి."

తిరుమలరావు పర్లేదన్నాడు. మర్యాదస్తులనుకున్నాడు. కల్యాణానికి ఇల్లు కడుక్కున్నారనుకున్నాడు. 4:45కి కారెక్కాడు. అప్పటికే ఆయన మనసు ఆమదాలవలసలో ఉంది.

*

బుధవారం ఉదయం 9:15. ఆమదాలవలస. స్టేషన్ రోడ్డులో విత్తనాల గోడౌన్.

"నిన్న ఫోన్ ఎందుకు ఎత్తలేదు?"

"మీటింగ్‌లో ఉన్నాను సార్. రాత్రి చూశాను. తెలియని నంబరని వదిలేశాను."

"విమానంలో ఆ అమ్మతో ఎందుకు గొడవపడ్డావు?"

"తప్పే సార్. మూడున్నరకి లేచాను, నిద్ర లేదు. ఆ సంచిలో ఏముందో నాకేం తెలుసు? తెలిస్తే నా పెట్టె నేనే ఒళ్లో పెట్టుకునేవాణ్ణి."

"దిగేటప్పుడు ఆ నీలం బ్యాగు తీశావా?"

"పద్నాలుగో వరస మీద నీలం బ్యాగు ఎక్కడుంది సార్?"

"ఎందుకు లేదు? నా చేత్తో పెట్టాను."

ఉదయభాస్కర్ ఆయన వైపు వింతగా చూశాడు.

"పెట్టారు సార్. మళ్లీ మీరే తీశారు."

"ఏమిటి?"

"నా ట్రాలీ పట్టలేదు కదా. చక్రాలు లోపలికుండాలని మీరు మూడు సంచులు కిందికి దింపారు. నా పెట్టె ఎక్కించారు. రెండు సంచులు పైన సర్దారు. ఒకటి మిగిలింది. నీలంది. అది వెనక్కి అందించి, 'ఇది కాస్త మీ పైన పెట్టండి సార్' అన్నారు. పదహారో వరసలో పంచె కట్టుకున్న ఆయన అందుకుని వాళ్ల అరలో పెట్టారు. నేను నడవలోనే నిలబడి ఉన్నాను సార్. కళ్లారా చూశాను."

గోడౌన్‌లో హమాలీలు బస్తాలు దింపుతున్నారు. తిరుమలరావు ఒక బస్తా మీద కూర్చున్నాడు.

ఆయనకు గుర్తొచ్చింది. తన చేతుల్లో మూడు సంచులు. పైకి వెళ్లినవి రెండు. మూడోది ఎవరిదని చూడలేదు. సంచులు సంచుల్లాగే కనబడ్డాయి తప్ప, మనుషుల సామానులా కనబడలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ ఇంట్లో కూడా లేడు. తన చొక్కాలోనే ఉన్నాడు.

ఆ వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. బోర్లించిన బిందెలు. తడి జుట్టు. కొత్త జంధ్యం. సాయంత్రం నాలుగున్నరకి పాలు లేని ఇల్లు.

కల్యాణానికి ఇల్లు కడుగుతారు. పాలు ఎవరూ పారబొయ్యరు.

9:32కి దేవేంద్రకు ఫోన్ చేశాడు. "మీ వదినను తీసుకుని శృంగవరపుకోట వచ్చెయ్యి బాబూ."

"దొరికేడా బాబూ?" వెనక నుంచి సుభద్రమ్మ గొంతు వినబడింది.

తిరుమలరావు ఫోన్ పెట్టేశాడు.

*

బుధవారం మధ్యాహ్నం 2:40. అదే అరుగు.

ఒక పక్క సుభద్రమ్మ, దేవేంద్ర. ఎదురుగా వేంకటాచలం, జగదీశ్వరి. విశాలి తలుపు చాటున నిలబడింది. ఉదయభాస్కర్ కూడా వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు, తనే వెంట వచ్చాడు. తిరుమలరావు కూర్చోలేదు.

"అయ్యా, మీరు మూడు సామాన్లతో విమానం ఎక్కారు. నాలుగింటితో దిగారు. నాలుగోది మీకు అందించింది నేనే. ఆ తప్పు నాది. నిన్న మీరు నాకు మూడే చూపించారు."

వేంకటాచలం గారు నేల చూస్తున్నారు.

"నిన్న మంగళవారం. కల్యాణం రేపు. దానికి రెండు రోజుల ముందే మీ ఇంట్లో బిందెల్లో నీళ్లు పారబోశారు. పరదాలు తడిపారు. అందరూ తలస్నానాలు చేశారు. జంధ్యం మార్చారు. పాలు కూడా పారబోశారు. ఇవన్నీ ఎప్పుడు చేస్తారో పోలీసువాణ్ణి నాకే తెలుసు. మీ ఇంట్లో ఎవరూ పోలేదు. మరి ఎవరి మైల కడిగారు?"

బదులు చెప్పింది జగదీశ్వరి.

"నేను తెరిచానండీ. తొక్కిడిలో అరలో ఉన్న నీలం బ్యాగులన్నీ దింపేసుకుని, పదీ ముప్పావుకి ఇంటికొచ్చాం. మా ఆడపడుచు హైదరాబాద్‌లో స్వామివారికి పట్టుబట్టలు ఇచ్చింది. ఆ బ్యాగే అనుకున్నాను. ఆయన తెచ్చారనుకున్నాను నేను, నేను తెచ్చాననుకున్నారు ఆయన. సరాసరి దేవుడి గదిలో పెట్టి తెరిచాను. పసుపు గుడ్డ కట్టిన మట్టి కుండ." ఆమె లోపలి గది వైపు చెయ్యి చూపించింది. "దేవుడి గదిలో అండీ."

"అప్పుడు ఎయిర్‌పోర్టుకి ఫోన్ చెయ్యొచ్చు కదా?"

"చేస్తే నలుగురికీ తెలుస్తుంది" అన్నారు వేంకటాచలం గారు. "అర్చకుడి ఇంట్లోకి, దేవుడి పీట మీదికి అస్థికలు వచ్చాయంటే నన్ను కల్యాణానికి గుడి మెట్లెక్కనివ్వరు. ఇరవై ఆరేళ్లుగా స్వామి తరఫున అమ్మవారి మెళ్లో నా చేత్తో సూత్రం కడుతున్నాను. భయపడ్డాను. అంతే. ఇంకో కారణం చెప్పను. కుండని ఇంట్లో ఉంచకూడదు. ఊళ్లు తిప్పకూడదు. పన్నెండూ నలభైకి తాటిపూడి దిగువన గోస్తనిలో కలిపేశాను."

సుభద్రమ్మకు ఆ మాట వెంటనే అర్థం కాలేదు. మరిది వైపు చూసింది. దేవేంద్ర తల తిప్పేసుకున్నాడు.

"కలిపీసినారా?" అంది.

"శాస్త్రోక్తంగానే కలిపానమ్మా. తర్పణం వదిలాను. పారబొయ్యలేదు. నా తండ్రికి ఎలా చేశానో అలాగే చేశాను."

"నిన్న నాలుగూ ఇరవైకి నేను వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు?" తిరుమలరావు గొంతు పెరిగింది. మనిషి శాంతంగా ఉండాలన్న మాట ఆయనకు ఆ క్షణంలో గుర్తులేదు.

"అప్పటికే అయిపోయింది కదా, చెప్పి ఏం లాభం అనుకున్నాను."

"ఏం పేరు సెప్పి ఒగ్గినారు బాబూ?" అడిగింది సుభద్రమ్మ.

వేంకటాచలం గారు తలెత్తారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"పేరు తెలియదు తల్లీ. బ్యాగు మీద చీటీ లేదు. లోపల కళ్లజోడుంది, దాన్నిబట్టి మగవారని తెలిసింది. గోత్రం తెలియకపోతే కాశ్యపం చెప్పుకోవచ్చు. పేరుకి అలాంటి వెసులుబాటు లేదు. ఎవరో తెలియనివాడని చెప్పి వదిలాను."

విశాలి లోపలికి వెళ్లి, పెరటి చింతకొమ్మకు తగిలించిన నీలం బ్యాగు తెచ్చి సుభద్రమ్మ పక్కన పెట్టింది. అందులో మడతపెట్టిన తువ్వాలు, కళ్లజోడు ఉన్నాయి. సుభద్రమ్మ కళ్లజోడు తీసి, అద్దాలు చీర చెంగుతో తుడిచి, మళ్లీ లోపల పెట్టింది.

"ఆ సోటు సూపించండి" అంది.

*

3:35. గోస్తని.

పేరుకి నది. ఫాల్గుణమాసం కదా, పాదాలు మునిగేటన్ని నీళ్లున్నాయి. ఎక్కువ భాగం ఇసుకే. వేంకటాచలం గారు గట్టు దిగి ముందు నడిచారు. రెండు తాటిచెట్ల ఎదురుగా ఆగారు.

అక్కడ గుంత ఉంది. నిలువెత్తు లోతు. అడుగున బురద నీళ్లు. గుంత చుట్టూ ట్రాక్టరు టైర్ల జాడలు.

"ఇక్కడే" అన్నారాయన. "నిన్న ఇక్కడ గుంత లేదు."

పక్కన బట్టలుతుకుతున్న ఆవిడ చెయ్యి ఆపి చెప్పింది. "నిన్న సాయంకాలం ఇసుక ఎత్తేరు బాబూ. అయిదున్నర అయిందేమో. నాలుగు ట్రాక్టర్లు."

అయిదున్నర. తిరుమలరావు ఆ ఇంటి అరుగు దిగింది 4:45కి. ముప్పావుగంట తేడా. పాదాల లోతు నీళ్లలో వదిలిన అస్థికలు అప్పటికి అక్కడే, ఆ ఇసుకలోనే ఉన్నాయి. బోర్లించిన బిందెల్ని ఆయన సరిగ్గా చూసి ఉంటే, వేంకటాచలం గారు నోరు విప్పి ఉంటే, దోసిలితో ఏరుకునేవాళ్లు. ఇప్పుడు ఆ ఇసుక ఏ ఊళ్లో ఏ గోడలోకి పోయిందో ఎవరికి తెలుసు? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

దేవేంద్ర గుంత అంచున వెతికాడు. పిడికెడు పెంకులు దొరికాయి. కుండవే. ఉదయభాస్కర్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బురదలోకి దిగాడు. పావుగంట చేతులతో కెలికాడు. ఏమీ దొరకలేదు. పైకి వచ్చి, ఎవరికీ ముఖం చూపించకుండా నిలబడ్డాడు.

"తల్లీ" అన్నారు వేంకటాచలం గారు. "పేరు చెప్పండి. ఇప్పుడైనా పేరుతో వదులుతాను. రేపు కల్యాణానికి నేను వెళ్లను. గుడికి కబురు పెడతాను. పేరు చెప్పండి."

దేవేంద్ర నోరు తెరవబోయాడు. సుభద్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

ఆమె గుంత పక్కన పారే నీళ్లలోకి దిగింది. చెంగు భుజం మీంచి కప్పుకుంది. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. నలభై రెండేళ్లు పట్టి ఉంచిన మాట అది. ఒక్కసారిగా రాదు.

"జగన్నాధం" అంది.

గొంతు ఆమెకే కొత్తగా ఉంది. మళ్లీ అంది. మూడోసారి కాస్త గట్టిగా, చేలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

"జగన్నాధం."

బట్టలుతికే ఆవిడ లేచి నిలబడింది. వేంకటాచలం గారు దోసిట్లో నీళ్లు తీసుకుని ఆ పేరుతో వదిలారు. నీళ్లు గుంతలో పడ్డాయి.

సుభద్రమ్మ తిరుమలరావు వైపు తిరిగింది.

"ఈ ఏరు వంశధారలో కలుస్తాదా బాబూ?"

ఆమె ఇంకా ఆయన్నే అడుగుతోంది. కలుస్తుందని చెప్తే నమ్ముతుంది. నిన్న విమానంలో నమ్మింది. స్టేషన్‌లోనూ నమ్మింది. రెండు మాటలు చాలు, ఆమె ఈ రాత్రి కాస్త నిద్రపోతుంది. ఆ రెండు మాటలు ఆయన నాలుక చివర దాకా వచ్చాయి.

"కలవదమ్మా" అన్నాడు తిరుమలరావు. "ఇది భీమిలి వైపు పోతుంది. ఈ నెలల్లో అక్కడిదాకా కూడా వెళ్లదు."

ఆమె తలూపింది. గట్టెక్కి కారు దగ్గరికి నడిచింది. దేవేంద్ర డిక్కీ తెరిచి బ్యాగు కోసం చెయ్యి చాపాడు.

సుభద్రమ్మ ఇవ్వలేదు. వెనక సీట్లో కూర్చుని, కుండ లేని బ్యాగు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుంది.